చదవకుండా వదిలిన పేరా

మండపేట,
9 జూన్ 2024, ఆదివారం.

చిరంజీవి లావణ్యకు మావయ్య చంద్రరావు ఆశీస్సులు.

ముందుగా నా తెలుగు పేదరికాన్ని మన్నించమని కోరుతున్నాను. ముప్పయ్యో ఏట రాత్రిబడిలో పదో తరగతి, ముప్పై ఏడో ఏట దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసినవాడి భాష ఎంతవరకు వెళ్ళగలదో అంతవరకే వెళ్తుంది. డాక్టరేటు చేస్తున్న మేనకోడలికి రాస్తున్నాను కనుక ప్రతి వాక్యాన్నీ ముందు చిత్తు కాగితం మీద రాసి, సరిచూసి, తరవాత శుద్ధప్రతిలోకి ఎక్కిస్తున్నాను. అయినా తప్పులు దొరికితే అవి నావి, బడివి కావు.

ఫోనులో మాట్లాడుకోవచ్చు కదా అని అడిగావు. ఫోనులో చెప్పిన మాటను పదిమందికి చదివి వినిపించడం కుదరదు. నేను రాసినదాన్ని మా మిల్లులో కంప్యూటరు చూసే రమ్యశ్రీ ఫొటో తీసి నీకు పంపుతుంది. నువ్వు కూడా చేత్తో రాసి అలాగే పంపితే, ఆ అమ్మాయి చదవకుండానే కాగితం మీద అచ్చుతీసి ఇస్తుంది.

విషయానికి వస్తాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మిల్లు కళ్ళం పక్కనున్న రేకుల షెడ్డులో నేను ఒక పఠన సభ నడుపుతున్నాను. ఉడికించిన ధాన్యం ఎండబోసే ఆడవాళ్ళూ, బస్తాలు మోసే ముఠావాళ్ళూ కలిపి ముప్పైమంది వస్తారు. వారిలో చదవగలిగినవారు నలుగురు. ఇంతకాలం వార్తాపత్రిక చదివాను. క్రితం వారం ఆడవాళ్ళ మేస్త్రి అచ్చాయమ్మ లేచి, "ఎప్పుడూ ఎవరెవరి సంగతులో చదూతారు. మీ మేనకోడలు నేపాల్లో పాముల చదువు చదూతోందంట కదండి. అదేదో మాక్కూడా చెప్పించండి. మా కాళ్ళకింద తిరిగేవీ అవే కదా" అంది.

అడగడానికి కారణం ఉంది. గోడౌనులో ఎలుకలు పెరిగాయి. ఎలుకల వెనక వచ్చేది వస్తోంది. క్రితం నెలలో ఒకదానిమీదొకటి పేర్చిన బస్తాల నెట్టు విప్పుతుండగా రెండుసార్లు కనబడింది. వీళ్ళు దాని పేరు పలకరు, పురుగు అంటారు. దూరపు ఊళ్ళనుంచి వచ్చిన ముఠావాళ్ళు గోడౌను అరుగు మీద గోనెలు పరుచుకొని పడుకుంటారు. వారిలో బుల్లియ్య ఉన్నాడు. నేను బస్తాలు మోసే రోజుల్లో ఆయన నా జతగాడు. పరీక్షల నెలలో నా వాటా బస్తా కూడా తన వీపున వేసుకొని, "పోరా, బడికి టైమైంది" అని తరిమినవాడు. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆయన పక్క పరుచుకోవడం చూస్తే నాకు భయం వేస్తోంది. ఈ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి సభలో చదవదగిన ఉత్తరం ఒకటి రాయవలసింది. నీ క్షేమం విడిగా రాయి. నువ్వు వాటిని చేత్తో పట్టుకోవద్దు; నువ్వు క్షేమంగా ఉంటావని మీ అమ్మకు నేను మాట ఇచ్చాను, గుర్తుంచుకో. నేను చెప్పింది నమ్మి పాలకొల్లులో మా అక్క నువ్వు అక్కడ ఎలుకలను లెక్కపెడుతున్నావనే అనుకుంటోంది.

ఇట్లు,
ఎం. చంద్రరావు, బి.ఏ.,
కాటా గుమాస్తా.


ఝాపా జిల్లా, నేపాల్,
18 జూన్.

మావయ్యకి,

మీ ఉత్తరం టీ కొట్టు బల్లమీద కూర్చుని చదివాను. కింద బి.ఏ. చూసి నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కళ్ళు తడిశాయి. ఇక్కడి నేల చూస్తే మీకు కపిలేశ్వరపురం దారి గుర్తొస్తుంది. చదునుగా వరిచేలు, గట్లమీద వక్కచెట్లు. మబ్బు విడిచిన రోజున మాత్రం ఉత్తరాన మంచుకొండ తేలుతుంది. అప్పుడు ఇది మన ఊరు కాదని తెలుస్తుంది.

ధాన్యం దాచుకునే ఇళ్ళలోకి కట్లపాములు ఏ నెలలో వస్తాయి, పగలు ఎక్కడ దాక్కుంటాయి అన్నదే నా పని. దొరికినదానికి గుర్తుపెట్టి వదిలేసి, మళ్ళీ ఎక్కడ కనిపించిందో రాసుకుంటాం. వారానికోసారి ఏదో ఒక ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి తెలిసింది చెప్తాం. మొదటిసారి నేను నలభై నిమిషాలు మాట్లాడాను, తెరమీద బొమ్మలు, శాస్త్రీయ నామాలు. అయ్యాక ఒక ముసలావిడ అడిగింది, "అంతా బాగుందమ్మా, మరి కరిస్తే ఏం చెయ్యాలి?" అని. అదొక్కటీ నేను చెప్పలేదు. అందుకే మీకు చెప్తున్నాను మావయ్యా, వాళ్ళు మాట్లాడే మాటల్లోనే చదవండి.

సభ కోసం రాస్తున్నాను.

కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది, ఒంటిమీద అడ్డంగా సన్నటి తెల్లగీతలు. పగలు మందంగా ముడుచుకుని ఉంటుంది. చీకటిపడ్డాక ఎలుకల కోసం తిరుగుతూ, నేలమీద పడుకున్న మనుషుల పక్కకి వస్తుంది.

అది కరిస్తే నొప్పి ఉండదు. వాపు ఉండదు. చాలాసార్లు గాటు కూడా కనిపించదు. చీమ కుట్టిందనుకుని మళ్ళీ పడుకుంటారు. తెల్లారేసరికి కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టు ఉండటం, కనురెప్పలు వాలిపోవడం. ఆ తర్వాత ఊపిరి ఆడదు. కాబట్టి నేలమీద పడుకున్న మనిషికి పొద్దున్నే కారణం తెలియని కడుపునొప్పి వచ్చి రెప్పలు బరువెక్కితే, పాము కనిపించకపోయినా కరిచిందనే అనుకోవాలి.

తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాలి. పెద్ద బండి దొరక్కపోతే మోటారు సైకిలు చాలు. ఒకరు నడుపుతారు, కరిచినవాళ్ళు మధ్యలో, వెనక ఇంకొకరు కూర్చుని గట్టిగా పట్టుకుంటారు. ఇక్కడ ప్రతి వాడలోనూ ఎవరి బండో ముందే అనుకుని పెట్టుకుంటారు.

మంచం మీద పడుకోండి. దోమతెర అంచులు పక్క కిందకి దోపుకోండి.

మావయ్యా, ఇందులో అన్నీ మరిచిపోయినా పర్వాలేదు, నొప్పి ఉండదన్న పేరా మరిచిపోకూడదు.

నా సంగతి అడిగారు. నేను వాటిని ముట్టుకోను. సరస్వతి దీదీ అని ఇక్కడావిడే ఉంది, ఆవిడ పట్టుకుంటుంది, నేను రాసుకుంటాను. అమ్మకి మాత్రం ఎలుకలనే చెప్పండి.

మీ
లావణ్య


మండపేట,
30 జూన్ 2024, ఆదివారం.

చిరంజీవి లావణ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం నేటి సభలో పఠించబడింది. ముప్పై నలుగురు హాజరయ్యారు. వర్షం వల్ల రేకుల మీద చప్పుడు ఎక్కువగా ఉన్నా నా గొంతు వెనక వరస వరకు వినిపించిందని రమ్యశ్రీ చెప్పింది.

నువ్వు రాసిన వాడుక మాటలను సభకు తగిన భాషలోకి మార్చడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. నన్ను మన్నించు, ముప్పైమంది ముందు నిలబడి "పరిగెత్తండి" అనడం నాకు చేతకాదు. "సర్పదష్టుడైన వ్యక్తిని అవిలంబముగా" అని మొదలుపెట్టాను. అచ్చాయమ్మ చెయ్యి ఎత్తి, "ఆయనెవరండి, మన మిల్లాయనేనా?" అని అడిగింది. షెడ్డంతా నవ్వింది. నేను వివరించాను. ఆమె ఊరుకోలేదు. "అమ్మాయి రాసింది ఉన్నదున్నట్టు చదివేద్దురూ. మీ చేతిలో పడ్డాక దానికి పట్టుపంచె కట్టేశారు" అంది.

బుల్లియ్య నన్ను వెనకేసుకొచ్చాడు. "ఊరుకోవే అచ్చాయమ్మా, ఆడు ఆ చదువుకి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. అర్థంకాకపోయినా విను" అన్నాడు. సాయంగా అన్నాడో మరోలా అన్నాడో తేల్చుకోలేకపోయాను.

మోటారు సైకిలు పద్ధతి అందరికీ నచ్చింది. మర పనిచూసే గణేష్‌బాబు తన బండి ఎప్పుడైనా సిద్ధమని అక్కడే మాట ఇచ్చాడు. బయటికి నడిపి, మధ్యలో ఒకణ్ణి కూర్చోబెట్టి కళ్ళం చుట్టూ ఒక చుట్టు కూడా తిప్పాడు. తాడు కట్టకూడదన్నదానిపై కొంత వాదన జరిగింది, చివరకు ఒప్పుకున్నారు. విన్నవారికి అనవసరమైన భయం కలిగించే ఒక పేరాను మాత్రం శుద్ధప్రతిలోకి ఎక్కించలేదు. సభ నడిపేవాడికి అంతమాత్రపు విచక్షణ ఉండాలి.

ఇక రెండో విషయం. మీ పరిశోధన బృందం వారు ఇంటర్నెట్టులో పెట్టిన ఫొటో ఒకటి రమ్యశ్రీ నాకు చూపించింది. అందులో ఒక అమ్మాయి కుడిచేతిలో ఇనప కొక్కెం, ఎడమచేతిలో నల్లని తోక పట్టుకొని ఉంది. ముఖం పక్కకు తిరిగి ఉంది. జడకు కట్టిన ఆకుపచ్చ రిబ్బను మాత్రం మా అక్క పంపినదిలా ఉంది. అది నువ్వు కాదని రాయగలవా?

ఇట్లు,
ఎం. చంద్రరావు, బి.ఏ.


ఝాపా,
9 జూలై.

మావయ్యకి,

అది నేనే.

మొదటినుంచీ పాముల్ని పడుతున్నాను. నేర్పిన తర్వాతే చేతికి కొక్కెం ఇచ్చారు, ముందు నెలంతా రబ్బరు గొట్టంతో సాధన చేశాను. తల ఎప్పుడూ నా వైపు ఉండదు. ఇవన్నీ రాస్తే మీరు ఇంకా భయపడతారని రాయలేదు. మీరు భయపడితే అమ్మకి తెలిసిపోతుంది, మీ మొహం దాచలేరు కనుక. అంతే కారణం.

మొన్నటి వానకి ఇక్కడ టవరు పడిపోయింది. ఈ ఉత్తరం బజారుకి వెళ్ళే జీపులో ఇచ్చి, అక్కణ్ణుంచి పంపిస్తున్నాను. జవాబు ఆలస్యమైతే వానే అనుకోండి, ఇంకేమీ అనుకోకండి.

మీ ఉత్తరంలో ఒక మాట నన్ను పట్టుకుంది. ఏ పేరా వదిలేశారు? నేను అనుకుంటున్నది కాకూడదు. వెంటనే రాయండి.

ఫొటో అమ్మకి చూపించొద్దు.

లావణ్య


మండపేట,
17 జూలై 2024, బుధవారం.

లావణ్యకు,

ఫొటో దాచమన్న నీ కోరిక తీర్చలేకపోయాను. ఆ ఫొటో పాలకొల్లులో ఎవరి ఫోనులోనో మా అక్కకు ముందే కనబడింది. శుక్రవారం తొలి బస్సుకు ఆమె మిల్లు గేటు దగ్గర దిగి, కాటా గది గుమ్మంలో నిలబడి, "ఎలుకలన్నావు కదరా" అని ఒక్కమాట అన్నది. పాతికేళ్ళుగా ఈ మిల్లులో నా మాట మీద బస్తా తూకం ఎవరూ మళ్ళీ తూయించలేదు. ఆ గుమ్మంలో నేను అబద్ధీకుణ్ణయ్యాను. మర్నాడు ఆమె వెంట అన్నవరం వెళ్ళి వ్రతం పీటమీద కూర్చున్నాను. కథ జరుగుతున్నంతసేపూ ఆమె నీ పేరే గొణుగుతోంది. కొండ దిగేటప్పుడు మెట్ల పక్కన ఎండుటాకు కదిలితే ఇద్దరమూ ఒకేసారి ఆగిపోయాం.

నేను వదిలింది నువ్వు అనుకుంటున్న పేరానే.

నువ్వు కోప్పడేముందు నా వాదన విను. నొప్పి పుట్టించే కాటునుంచి మనిషి లేచి పరిగెత్తగలడు. నొప్పే లేని కాటు గురించి చెబితే అరుగు మీద పడుకునేవాడు ఏంచేస్తాడు? ఇల్లు రాజోలు అవతల. మంచం లేదు. పడుకోవలసింది అక్కడే. వాడికి నిద్ర పోగొట్టడం తప్ప ఆ పేరా చేసే మేలు నాకు కనబడలేదు. నేను భయపడతానని నువ్వు నాకు కొక్కెం సంగతి దాచావు. వాళ్ళు భయపడతారని నేను వాళ్ళకు ఈ సంగతి దాచాను. నీది ప్రేమ అయితే నాది తప్పు ఎలా అవుతుంది?

చేయగలిగింది చేస్తున్నాను. మిల్లు యజమానిని అడిగి పదకొండు దోమతెరలు తెప్పించాను. పురుగు కోసమంటే మిగతాది కూడా అడుగుతారని, దోమలు పెరిగాయని చెప్పి పంచాను. ఎవరూ కట్టలేదు. ఉక్క అంటున్నారు. "ఇన్నేళ్ళనుంచీ కుట్టిన దోమలు మీకివాళ కనపడ్డాయేంటండి" అని అచ్చాయమ్మ అడిగింది. బుల్లియ్య తన తెరను మడతపెట్టి తలకింద దిండుగా పెట్టుకున్నాడు. నేను రోజూ పొద్దువాలాక టార్చి తీసుకొని బస్తాల నెట్ల మధ్య తిరుగుతున్నాను. ఏం వెతుకుతున్నారని అడిగితే తడిసిన బస్తాలు అంటున్నాను.

ఇది కూడా రాయాలి. నీ ఉత్తరం చదివిన రోజునుంచి నేను మంచం మీదే పడుకుంటున్నాను. తెర అంచులు నాలుగు పక్కలా దోపుకుంటున్నాను. పొద్దున లేవగానే ముందు నా రెప్పలు పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటున్నాను.

మీ అమ్మకు నువ్వే రాయి. నా మాట ఆమె ఇక నమ్మదు.

చంద్రరావు


ఝాపా,
29 జూలై.

మావయ్యా,

సరస్వతి దీదీని కరిచింది. పోయిన సోమవారం పొద్దున్న. గుడ్డసంచి మూతి ముడి వేస్తుంటే గుడ్డ మీదుగా వేలికి తగిలింది. "చీమ" అని నవ్వింది. ఆవిడకి నాకంటే బాగా తెలుసు, అయినా ఆ వేలు చూసుకుని, ఏమీ లేదు, ఇంకో రెండు సంచులున్నాయి కట్టేద్దాం అంది. నేను అరిచి బండెక్కించాను. ముందు దీదీ తమ్ముడు, మధ్యలో ఆవిడ, వెనక నేను. దారి సగం వరకూ "నొప్పి లేదు, ఎందుకింత గొడవ" అంటూనే ఉంది. తర్వాత ఆ మాటే ముద్దముద్దగా వచ్చింది. తర్వాత రాలేదు. తల వెనక్కి నా భుజం మీద పడింది.

నాలుగు రోజులు ఊపిరి మిషను మీద ఉంది. ఇప్పుడు బాగుంది, సూపు తాగుతోంది. గంటలోపల తీసుకెళ్ళాం కనుక.

ఆవిడ బతికింది నొప్పి ఉండదని మాకు ముందే తెలిసినందుకు మావయ్యా. ఇంకే కారణమూ లేదు. వాళ్ళకి నిద్ర పట్టదన్నావు. పోనీ. నిద్ర పట్టకపోతే తెర కట్టుకుంటారు, మంచాలు అడుగుతారు, పక్కవాడి కడుపునొప్పిని పట్టించుకుంటారు. వాళ్ళు ఏం చెయ్యగలరో నువ్వు ముందే ఎలా తేల్చేశావు?

నేను దాచింది నా చెయ్యి. అది నాది. నువ్వు దాచింది వాళ్ళది.

టవరు ఇంకా లేవలేదు, ఫోను కలవదు. ఈ ఉత్తరం అందిన రోజే చదువు. ఆదివారం దాకా ఆగకు. నీ భాషలోకి మార్చకు.

నాకు చాలా భయంగా ఉంది.

లావణ్య


రాజమండ్రి, ఆసుపత్రి వరండా,
4 ఆగస్టు, ఆదివారం.

లావణ్యా,

దీనికి చిత్తుప్రతి లేదు. మందుల చీటీల వెనకవైపు రాస్తున్నాను.

బుల్లియ్యను కరిచింది. ఊపిరి యంత్రం మీద ఉన్నాడు. బతుకుతాడని డాక్టరుగారు చెప్పలేదు. బతకడని కూడా చెప్పలేదు.

నీ ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. ఆ రోజే చదవమన్నావు. చదవలేదు. సభ ఆదివారం కదా, పని మధ్యలో ముప్పైమందిని ఆపి కూర్చోబెట్టడం పద్ధతి కాదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఐదు వారాల కిందటే ఈ పేరా ఎందుకు చదవలేదని అచ్చాయమ్మ అందరి ముందూ అడుగుతుంది. దానికి జవాబు మంచి భాషలో రాసుకోవడానికి రెండు రోజులు కావాలనిపించింది. శుక్రవారం సాయంత్రమంతా ఆ జవాబు రాస్తూ కూర్చున్నాను. టార్చితో తిరగడానికి కూడా వెళ్ళలేదు.

శనివారం ఎనిమిది గంటలకు నేను వెళ్ళేసరికి బుల్లియ్య అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తెల్లవారకముందునుంచి కడుపులో మెలిపెడుతోందని చెప్పాడట. అచ్చాయమ్మ ఓమ నీళ్ళు పట్టించింది. తెల్లారేదాకా మూలుగుతూనే ఉన్నాడంటే రాత్రి తిన్న పులుసు అన్నారు ఒకరు. "తాత నిన్న గట్టిగా పుచ్చుకున్నాడు, ఇంకా దిగలేదు" అన్నాడు ముఠాలో ఇంకొకడు. అందరూ నవ్వారు. బుల్లియ్య కూడా నవ్వబోయాడు. మూతి కదల్లేదు.

నా గొంతు విని తల ఇటు తిప్పాడు. కళ్ళు మూసే ఉన్నాయి. చూపుడు వేలితో కుడికంటి రెప్పను పైకెత్తి పట్టుకొని నన్ను చూశాడు. "చంద్రం, ఇంకా మబ్బుగానే ఉందేంట్రా" అన్నాడు.

అక్కడ ఇరవైమంది ఉన్నారు. ఆ వేలికి అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పురుగు ముట్టిందన్నాను. కాళ్ళూ చేతులూ వెతికారు. మచ్చ లేదు. "పురుగైతే నొప్పెట్టదా అండి" అన్నారు. నొప్పెట్టదు అని నేను అరిచాను. మిల్లులో నేను అరవడం ఎవరూ ఎన్నడూ వినలేదు. అచ్చాయమ్మ ఓమ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "అది మీకెలా తెలుసండి" అని మెల్లిగా అడిగింది.

మిల్లు రోడ్డు నిండా లోడు లారీలు ఆగి ఉన్నాయి. అంబులెన్సు లోపలికి వచ్చే దారి లేదు. గణేష్‌బాబు ఎవరూ చెప్పకుండానే బండి తెచ్చి నిలబెట్టాడు. బుల్లియ్యను మధ్యలో కూర్చోబెట్టి, నేను వెనక ఎక్కి, తుండుతో ఆయన్ను నాకు కట్టుకున్నాను. ఇదంతా వాళ్ళకు తెలుసు. ఇది సభలో చదివాను.

కాలవ గట్టు మీదుగా వెళ్ళాం. నా బస్తా కూడా మోసిన ఆ వీపు నా రొమ్ముకు ఆనింది. ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. వంతెన దాటాక లెక్కపెట్టడానికి ఏమీ దొరకలేదు. గణేష్‌బాబు చెవిలో ఇంకా వేగంగా అన్నాను. మండపేట ఆసుపత్రిలో ఇంజెక్షను మొదలుపెట్టి, గొంతులో గొట్టం వేసి, అంబులెన్సులో ఇక్కడికి పంపారు.

ఆయన కొడుకు రాజోలునుంచి వచ్చాడు. "సమయానికి కనిపెట్టారు, మీ చదువు మా నాన్నని కాపాడింది బాబూ" అని నా చేతులు పట్టుకున్నాడు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. పేరా సంగతి చెప్పలేదు.

నువ్వు నన్ను నువ్వు అన్నావు. చిన్నప్పుడు అలాగే అనేదానివి.

చంద్రరావు


ఝాపా,
7 ఆగస్టు.

మావయ్యా,

రెప్పలు తెరవకపోయినా ఆయనకి అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. దీదీ చెప్పింది. వార్డులో ఎవరేం మాట్లాడుకున్నారో ఆవిడకి అన్నీ గుర్తున్నాయి. చచ్చిపోయానని అందరూ అనుకుంటున్నారేమో అన్నదే ఆవిడ భయమట. అందుకని పక్కన కూర్చుని మాట్లాడు. ఇవాళ ఏ వారమో, బయట ఎండో వానో చెప్పు.

నిన్న పనిలోకి వెళ్ళాను. సంచి మూతి పట్టుకోవాల్సి వచ్చింది. పట్టుకోలేకపోయాను. కొక్కెం పక్కన పెట్టి చేలో కూర్చున్నాను. ఇది అమ్మకి కూడా రాశాను, ఈసారి ఏదీ దాచలేదు.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. నేను ఆ పేరా ఎందుకు ముఖ్యమో రాయాల్సింది, మరిచిపోకూడదని మాత్రమే రాశాను.

ఆయన కొడుక్కి చెప్పు. అచ్చాయమ్మగారికి చెప్పు. ఆయన లేచాక వేరేవాళ్ళ నోటినుంచి వినకూడదు.

లావణ్య


మండపేట,
18 ఆగస్టు 2024, ఆదివారం.

లావణ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. రోజూ మంచం పక్కన కూర్చుని వారమూ తేదీ చెప్పాను. ఎనిమిదో తేదీన ఆయనకు అంతా చెప్పాను. ఆ పేరా మొదట చదివాను, నువ్వు రాసింది రాసినట్టు. తరవాత అది వదిలేసిన సంగతీ, శుక్రవారం నేను ఏం రాస్తూ కూర్చున్నానో, రాత్రి మంచం మీద తెర దోపుకొని పడుకున్న సంగతీ చెప్పాను. యంత్రం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. విన్నాడో లేదో తెలియక ఆ నాలుగు రోజులు నేను పడ్డ భయం రాయడానికి నాకు భాష చాలదు. కొడుక్కి వరండాలో చెప్పాను. అతను టీ తాగడానికి వెళ్ళాడు. నన్ను రమ్మనలేదు.

పన్నెండో తేదీన గొట్టం తీశారు. శుక్రవారం గొంతు పెగిలింది. అచ్చాయమ్మ చూడటానికి వచ్చింది, ఆమె మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. బుల్లియ్య కళ్ళు వాటంతటవే తెరుచుకొని నా మీద నిలిచాయి.

"నువ్వు చదువుకోవాలని రెండు బస్తాలు మోశాను కదరా" అన్నాడు. గాలి తీసుకోవడానికి ఆగాడు. "ఒక్క ముక్క చదవలేకపోయావా."

అచ్చాయమ్మ నా చొక్కా జేబులోంచి నీ జూన్ నెల ఉత్తరం తనే తీసుకుంది. ఆ పేరా ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే చూసి, మడిచి చీర కుచ్చిళ్ళ దగ్గర దోపుకుంది.

నిన్న నేను మిల్లుకు వెళ్ళేసరికి అచ్చాయమ్మ రమ్యశ్రీ చేత ఆ పేరా అందరికీ చదివించేసింది. శనివారం, పని మధ్యలో, నిలబెట్టి. నేను అనుకున్నట్టే వాళ్ళు భయపడ్డారు. పడుచుపిల్ల ఒకతె ఏడ్చింది. ముఠాలో ముగ్గురు ఇంటికి పోతామన్నారు. సాయంత్రానికి అచ్చాయమ్మ వాళ్ళందర్నీ వెంటబెట్టుకొని యజమాని గది ముందు కూర్చుంది. మంచాలు వచ్చేదాకా కళ్ళంలో ధాన్యం తిరగేసేది లేదన్నారు. ఇవాళ పొద్దున లారీలో ఇరవై నవారు మంచాలు దిగాయి. దోమతెరలు పదకొండూ కట్టి ఉన్నాయి. వాళ్ళు ఏం చెయ్యగలరో నేను ముందే తేల్చేశానన్నావు. అవును, తేల్చేశాను.

ఇవాళ సభ లేదని అచ్చాయమ్మ కబురుచేసింది. వచ్చే ఆదివారం ఉంటుందట. అందుకే ఇది రాస్తున్నాను. అప్పుడు అక్కడ చదవవలసింది ఇదే.

దీన్ని ముందు నువ్వు చదువు. నేను మళ్ళీ ఏదైనా వదిలానేమో చూసి, వదిలి ఉంటే పక్కన రాయి. తరవాత మన ఉత్తరాలన్నిటితో కలిపి అచ్చుతీసి పాలకొల్లులో మా అక్కకు ఒకటి పంపాలి. కొక్కెం పక్కన పెట్టానని నువ్వు రాశావు. మళ్ళీ పట్టుకుంటే అది కూడా ఆమెకు నువ్వే రాయి. ఇంకో ప్రతి అచ్చాయమ్మకు. ఇరవై అయిదో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు షెడ్డులో రమ్యశ్రీ దీన్ని చదవాలి, నేను కాదు. మొదట నా తెలుగు గురించి రాసుకున్న ఉత్తరంనుంచి మొదలుపెట్టి, నీవీ నావీ అన్నీ వరసగా చదవాలి. ఎవరైనా మధ్యలో నవ్వితే నవ్వనివ్వాలి. నేను వెనక వరసలో ఉంటాను.

చివరి ప్రతి బుల్లియ్యది. ఆయనకు చదవడం రాదు. రాజోలులో మనవరాలు ఏడో తరగతి చదువుతోందట, ఆ పిల్ల చదివి వినిపించాలి.

చంద్రరావు